నిజాంపేట ఫ్లాట్‌లో అంతా క్రీమ్ రంగు కిచెన్: పీకించకుండా కళ తెప్పించడం ఎలా?

ప్రశ్న: నిజాంపేటలో పాత టూ బీహెచ్‌కే ఫ్లాట్ కొన్నాం. కిచెన్ ఆగ్నేయంలో ఉంది, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, పక్కన యుటిలిటీ. కప్‌బోర్డులు, గోడలు, టైల్స్, ఫ్లోరింగ్ అన్నీ క్రీమ్ రంగే. గట్టు మాత్రం నల్ల గ్రానైట్, ఎల్ ఆకారంలో ఉంటుంది. టైల్స్ మధ్యలో పళ్ల బుట్ట బొమ్మలు. కప్‌బోర్డు తలుపులు సరిగ్గానే పడుతున్నాయి. రాత్రి లైటు వేస్తే మాత్రం హాస్పిటల్‌లా ఉంటోంది. మావారు మొత్తం పీకించి కొత్త మాడ్యులర్ చేయిద్దామంటున్నారు. అత్తయ్యగారు డబ్బు దండగ అంటున్నారు. నాకేమో క్రీమ్ రంగు ఇష్టమే, కానీ పసుపు మరకలంటే టెన్షన్. ఏం చేస్తే బాగుంటుంది?

సమాధానం:

మీ అత్తయ్యగారి మాట వినండి, కనీసం చెక్క విషయంలో. తలుపులు సరిగ్గా పడుతున్నాయంటే లోపల చట్రం గట్టిగానే ఉందన్నమాట. హైదరాబాద్‌లో కిచెన్లు చేయించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. క్రీమ్ రంగు బాగాలేదని పిలిచే ఇళ్లలో ఎక్కువసార్లు తేడా క్రీమ్‌లో కనిపించదు, దాని పక్కన పెట్టిన వాటిలో కనిపిస్తుంది. క్రీమ్‌లా ఉండి ఒకదానితో ఒకటి కలవని రంగులు నాలుగు ఒకే గదిలో చేరి, పైన తెల్ల లైటు పడితే వంటిల్లు పాలిపోతుంది. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే అయ్యుంటుంది.

నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. పొద్దున పదింటప్పుడు లైట్లన్నీ ఆపేసి, ఒక తెల్ల ఏ4 కాగితం తీసుకుని కప్‌బోర్డు తలుపుకి ఆనించి పట్టుకోండి. తర్వాత గోడకి, టైల్‌కి, నేలకి. ఆ కాగితంలో కొంచెం నీలం ఛాయ ఉంటుంది, అందుకే పక్కనున్న రంగు అసలు గుణం బయటపడుతుంది. ఒకటి గంధం రంగు వైపు పోతుంది, ఒకటి గులాబీ వైపు, ఇంకొకటి బూడిద వైపు. పాత ఫ్లాట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యే జోడీ పసుపు ఛాయ సన్‌మైకా (తలుపుల మీద అంటించే షీటు), గులాబీ ఛాయ టైల్స్. విడివిడిగా రెండూ బాగుంటాయి. పక్కపక్కన పెడితే సన్‌మైకా పాతబడినట్టు, టైల్ మాసినట్టు కనిపిస్తాయి. ఏది ఎటు పోతోందో ఒక చీటీ మీద రాసుకోండి, పెయింటు షాపుకి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

కాగితం పట్టుకున్నప్పుడే యుటిలిటీ వైపు కూడా ఒకసారి చూడండి. ఎండ కోసం అక్కడ ఆకుపచ్చ నెట్ కట్టారా? నీలం ఫైబర్ షీటు వేశారా? మీ కిచెన్‌లోకి పగటి వెలుతురు చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. ఆకుపచ్చ నెట్ గుండా వచ్చిన వెలుతురు క్రీమ్ తలుపు మీద పడితే అది పాచి పట్టిన రంగులో కనిపిస్తుంది. మియాపూర్‌లో ఒకాయన కప్‌బోర్డులన్నీ మార్పించుకుంటానని నన్ను పిలిచారు. వెళ్లి ఆకుపచ్చ నెట్ తీయించి, బూడిద రంగు నెట్ కట్టించి, యుటిలిటీ గోడకి తెల్ల రంగు వేయించాం. కప్‌బోర్డుల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. నాకు పని పోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక లైట్లు. మీ డబ్బులో మొదటి రూపాయి ఇక్కడే పెట్టండి. పాత ఫ్లాట్లలో సీలింగ్ మధ్యలో ఒకే ట్యూబ్‌లైటో, ఎల్ఈడీ బ్యాటనో ఉంటుంది. పెట్టె మీద చూస్తే 6500 కెల్విన్ అని రాసి ఉంటుంది. కెల్విన్ అనేది లైటు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ లైటు పసుపు వైపు పోతుంది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు. క్రీమ్‌లో ఉన్న వెచ్చదనాన్ని అది చంపేస్తుంది, వండిన పప్పు కూడా పాలిపోయి కనిపిస్తుంది. దాన్ని తీసేసి 12 వాట్ల ప్యానెల్ లైట్లు రెండు పెట్టించండి, 4000 కెల్విన్‌వి. చాలామంది క్రీమ్ అనగానే 3000 కెల్విన్ పసుపు లైటు పెట్టేస్తారు. మీ తలుపులు కాగితం పరీక్షలో గంధం వైపు పోతే మాత్రం ఆ పని చేయకండి, పసుపు మీద పసుపు పడి రాత్రిపూట నెయ్యి పూసినట్టు ఉంటుంది. బూడిద వైపో గులాబీ వైపో పోతేనే 3000 పెట్టండి. ఏది పెట్టినా గదిలోని లైట్లన్నీ ఒకే కెల్విన్‌లో ఉండాలి. పెట్టె మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి, ఆ లైటులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో అది చెబుతుంది. 80 మామూలు, 90 దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టి కొనండి. టమాటా పండిందో లేదో ఆ లైటులో తేలిగ్గా తెలుస్తుంది.

సీలింగ్ లైట్లు ఎన్ని పెట్టినా, గట్టు దగ్గర నిలబడి కూర తరుగుతుంటే మీ నీడే చాపింగ్ బోర్డు మీద పడుతుంది. అందుకని పై అరల కింద ఎల్ఈడీ స్ట్రిప్ వేయించాలి. ఇక్కడ ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. స్ట్రిప్‌ని గోడ వైపు, అర వెనక అంచున అంటించేస్తారు. అప్పుడు వెలుతురంతా టైల్స్ మీద పడుతుంది, గట్టు ముందు భాగం చీకటిగా ఉండిపోతుంది. ముందు అంచు వైపు, తలుపు వెనకాల కనిపించకుండా పెట్టమనండి. ఉత్త స్ట్రిప్ కాకుండా అల్యూమినియం ప్రొఫైల్‌లో, పైన పాలరంగు కవర్ ఉండేలా వేయించండి. మీది పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్ కదా, కవర్ లేకపోతే ఒక్కో ఎల్ఈడీ చుక్క గట్టులో విడివిడిగా మెరుస్తూ కళ్లలో గుచ్చుకుంటుంది. ఆ కవర్ ఉంటే నూనె పొగ పట్టినా గుడ్డతో తుడిచేయొచ్చు. స్ట్రిప్‌కి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్ డబ్బాని స్టవ్ పైన, చిమ్నీ పక్కన పెట్టనివ్వకండి, వేడికి త్వరగా పోతుంది.

లైట్లు మార్చాక ఒక వారం ఆగండి. సగం ఇళ్లలో అక్కడితోనే ‘పీకించేద్దాం’ అన్న మాట చల్లబడుతుంది.

తర్వాత పెయింటు. సీలింగ్‌కి, గోడలకి మెరిసే తెలుపు మాత్రం వద్దు. అచ్చ తెలుపు పక్కన క్రీమ్ ఎప్పుడూ ఉతకని బట్టలానే కనిపిస్తుంది. మీ తలుపుల ఛాయలోనే, దానికన్నా రెండు మెట్లు తేలికైన రంగు షేడ్ కార్డులో వెతకండి. కార్డుని షాపు లైటులో చూసి నిర్ణయించకండి, ఇంటికి తెచ్చుకుని తలుపు పక్కన పెట్టి చూడండి. కడిగినా పోని వాషబుల్ ఎమల్షన్ వేయించండి. కప్‌బోర్డు తలుపుల మీద ఎనామెల్ కొట్టేస్తే కొత్తగా వస్తుందని పెయింటర్ అంటాడు, ఒప్పుకోకండి. నూనె పెయింటు వెలుతురు తక్కువగా ఉండే చోట ఏడాది రెండేళ్లలో పసుపెక్కుతుంది. అందులోనూ సన్‌మైకా మీద సరిగ్గా గీరకుండా, ప్రైమర్ లేకుండా కొడితే గోరు తగిలితే చాలు పొరలు పొరలుగా లేచిపోతుంది.

పళ్ల బుట్టల టైల్స్ గురించి మీరు మొహమాటంగా రాశారు గానీ, ఒకప్పుడు అపార్ట్‌మెంటు కట్టిన ప్రతి బిల్డరూ అవే వేశాడు. ద్రాక్ష గుత్తులు, టీ కప్పులు, ఆవిరి లేస్తున్న కెటిల్. వాటిని దాచాలంటే గట్టుకీ పై అరలకీ మధ్యనున్న రెండడుగుల పట్టీ మారిస్తే చాలు. మీ కొలతలకి 35 చదరపు అడుగుల చుట్టుపక్కల ఉంటుంది, అంతే. పాత టైల్‌ని పగలగొట్టకుండా దాని మీదే కొత్తది అంటించొచ్చు. ముందు మేస్త్రితో ప్రతి టైల్‌నీ వేలి కణుపుతో తట్టించి చూడండి. బోలుగా మోగినవి తీసేసి, ఆ చోటు పూడ్చాకే పని మొదలుపెట్టాలి. ఉత్త సిమెంటు పనికిరాదు, టైల్ మీద టైల్‌కి పనికొచ్చే అడ్హెసివ్ అని అడిగి తీసుకోండి. పట్టీ మందం దాదాపు అర అంగుళం పెరుగుతుంది కాబట్టి స్విచ్ బోర్డులకు పొడవు స్క్రూలు, సింక్ గోడ కుళాయికి ఎక్స్‌టెన్షన్ ముక్క కావాలి. ఈ రెండూ ముందే తెప్పించి పెట్టకపోతే మేస్త్రి మధ్యాహ్నం పని ఆపేసి కూర్చుంటాడు.

ఆ పట్టీకి ఏ రంగు వేయాలి? నన్నడిగితే ఎండిన కరివేపాకు రంగు. ముదురు కాదు, లేత కాదు, కొంచెం బూడిద కలిసిన ఆకుపచ్చ. 3 అంగుళాలు, 12 అంగుళాల సన్నటి, మెరిసే టైల్ అడ్డంగా వేయిస్తే పైన క్రీమ్, కింద నలుపు, మధ్యలో ఈ ఆకుపచ్చ భలే కుదురుతాయి. ఇటుక రంగు కూడా బాగుంటుంది గానీ మీ గది చిన్నది, కిచెన్ ఆగ్నేయంలో ఉంది, పొద్దుటి ఎండ నేరుగా పడితే ఎరుపు మరీ ఎక్కువవుతుంది. అంత సాహసం వద్దనుకుంటే మీ తలుపుల క్రీమే తీసుకోండి, కానీ పాత టైల్‌లా నున్నటిది కాకుండా కాస్త ఎగుడుదిగుడుగా, చేత్తో చేసినట్టుండే గ్లేజ్ ఉన్నది చూడండి. లైటు పడితే అదే ఆడుతుంది. పాలరాయి చారల టైల్ మాత్రం వద్దు. ఇప్పుడు ప్రతి కొత్త ఫ్లాట్‌లోనూ అదే ఉంది, పైగా ఆ బూడిద చారలు గంధం రంగుతో అస్సలు కలవవు.

టైల్ సందుల్లో తెల్ల సిమెంటు పూయనివ్వకండి. మన వంటల్లో అది నెలల్లోనే పసుపు గీతలు తేలుతుంది. ఎపాక్సీ గ్రౌట్ వేయించండి, రంగు లేత బూడిదో, లేత గోధుమో. వేసిన రోజే దాని జిడ్డు తుడిపించేయాలి, ఆరిపోయాక టైల్ మీద పొరలా అతుక్కుపోతే ఎవరివల్లా కాదు.

మీవారు గట్టు కూడా మార్చి తెల్ల క్వార్ట్జ్ వేయిద్దామంటారేమో. దానికి మాత్రం గట్టిగా అడ్డుపడండి. క్వార్ట్జ్‌లో రాతి పొడితో పాటు రెజిన్ ఉంటుంది. స్టవ్ మీంచి దించిన కుక్కర్‌ని నేరుగా పెడితే మచ్చ పడే ప్రమాదం ఉంది, పసుపు మరకా పట్టుకుంటుంది. నల్ల గ్రానైట్‌కి ఈ బాధలేవీ లేవు. అది ఒకవేళ బంగారు చుక్కలున్న రాయి అయితే, ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అన్నమాట, మీ అదృష్టం. ఎక్కడెక్కడి దేశాలకో ఎగుమతయ్యే రాయి అది. ఆ చుక్కల రంగే మీ హ్యాండిల్స్‌కి దారి చూపిస్తుంది.

హ్యాండిల్స్ తక్కువ ఖర్చుతో పెద్ద మార్పు. మీ పాతవి స్టీల్ రంగువే అయ్యుంటాయి. క్రీమ్ మీద ఆ చల్లటి స్టీల్ మెరుపు తేలిపోతుంది. మెరవని ఇత్తడి రంగు, లేదంటే మ్యాట్ నలుపు పెట్టండి. కొనేముందు పాత హ్యాండిల్ విప్పి రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, ఒక రంధ్రం మధ్య నుంచి ఇంకొక రంధ్రం మధ్యకి, మిల్లీమీటర్లలో కొలవండి. మామూలుగా 96, 128, 160 ఉంటాయి. అదే కొలత తెచ్చుకుంటే పాత రంధ్రాల్లోనే కూర్చుంటాయి, స్క్రూడ్రైవర్‌తో మీరే బిగించుకోవచ్చు. కొలత తప్పితే తలుపుకి కొత్త రంధ్రాలు, పాతవి పూడ్చిన మచ్చలు. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఒక్కో రకం ఒకటి శాంపిల్‌గా తెచ్చి రెండు రోజులు తలుపుకి పెట్టి చూడండి. ఇంకో మాట, ఇత్తడి రంగు హ్యాండిల్స్‌ని పూజ సామాన్లతో పాటు చింతపండో పీతాంబరి పొడో పెట్టి తోమేయకండి, పై పూత పోతుంది. తడి గుడ్డ చాలు.

ఇక అలంకరణ. ఇంటర్నెట్‌లో చూసిన ఓపెన్ షెల్ఫుల మీద మనసు పడి ఉంటారు, ఊహించగలను. మన ఇంట్లో రోజుకి రెండు పూటలా పోపు పడుతుంది, యుటిలిటీ లోంచి దుమ్ము వస్తుంది. నూనె పొగా దుమ్మూ కలిస్తే గిన్నెల మీద బంక. ఒక్క షెల్ఫ్, అదీ స్టవ్‌కి ఎదురు గోడ మీద, చాలు. దాని మీద రోజూ వాడేవి పెట్టండి, వాడేవి రోజూ కడుగుతాం కాబట్టి వాటికి బంక పట్టదు.

ఏం పెట్టాలంటే, మొదట ఆవకాయ జాడీలు. మూతి దగ్గర గోధుమ రంగు, కింద మీగడ రంగు. క్రీమ్ కిచెన్‌కి కావలసిన రంగుల లెక్క మొత్తం ఆ జాడీలోనే ఉంది. చిన్నది, మధ్యది, పెద్దది మూడు పక్కపక్కన, ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో చింతపండు. అత్తయ్యగారి దగ్గర పాతవి ఉంటే కొత్తవి కొనకండి. అలాగే ఒక ఇత్తడి మరచెంబో, చిన్న గుండిగో. బేగంబజార్‌లో ఇత్తడి సామాను షాపులు వరసగా ఉంటాయి, పాలిష్ తళతళలాడేవి కాకుండా కొంచెం మసకగా ఉన్నవి ఏరుకోండి. ఒకటి రెండు చాలు, అంతకు మించితే పెళ్లి సామాను పేర్చినట్టు ఉంటుంది. చేర్యాల బొమ్మలు, నకాషీ పటాలు నాకు చాలా ఇష్టం గానీ వంటింట్లో పెట్టకండి, పొగ వాటికి శత్రువు. పెట్టాలనే ఉంటే గ్లాసు ఫ్రేమ్‌లో, డైనింగ్ వైపు గోడకి.

నేల కూడా క్రీమే కాబట్టి గట్టు ముందు సన్నటి నూలు జంపఖానా పరవండి. వరంగల్ జంపఖానాలకి జీఐ (ఆ ఊరి ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది, ఇటుక, నీలం, నలుపు చారలవి దొరుకుతాయి, మాసిన మరక కనపడదు, ఉతుక్కోవచ్చు. కింద జారకుండా రబ్బరు మ్యాట్ తప్పనిసరి, ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లో.

ప్లాస్టిక్ తీగలు అసలొద్దు. మనీ ప్లాంట్ గాజు సీసాలో నీళ్లు పోసి కిటికీ దగ్గర పెట్టండి. నీళ్ల ఫిల్టర్ తెల్ల డబ్బా అయితే, మార్చేటప్పుడు నల్లది తీసుకోండి. గోడ మీద ఆ తెల్ల డబ్బా ఒక్కటి చాలు క్రీమ్‌ని మాసినట్టు చూపించడానికి.

పసుపు మరకల టెన్షన్ సంగతి. పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. అందుకే తడి గుడ్డతో ఎంత రుద్దినా అది పలచబడి పక్కకి పాకుతుందే గానీ పోదు. సన్‌మైకా మీద పడితే దూదికి హ్యాండ్ శానిటైజర్ రాసి ఒత్తి తీయండి, రుద్దకండి. దూది పసుపెక్కగానే కొత్త దూది. తర్వాత తడి గుడ్డ. సబ్బు నీళ్లు వేయగానే మరక ఎర్రబడితే భయపడకండి, క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, పెళ్లిలో పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. నీళ్లతో కడిగేస్తే మళ్లీ పసుపుకొస్తుంది. ఇంకా లేత మచ్చ మిగిలితే ఎండ పడనివ్వండి. కుర్కుమిన్ వెలుతురుకి నిలవదు, కొన్ని రోజుల్లో అదే వెలిసిపోతుంది. మీ కిచెన్‌కి పొద్దుటి ఎండ వస్తుంది కాబట్టి ఇది మీకు కలిసొచ్చే సంగతి. ఒక్క జాగ్రత్త: తలుపులు సన్‌మైకా కాకుండా అద్దంలా మెరిసే అక్రిలిక్ అయితే శానిటైజర్ వాడకండి, ఆల్కహాల్‌కి సన్నటి పగుళ్లు వస్తాయి. వాటికి తేలికపాటి సబ్బు నీళ్లు, ఓపిక, ఎండ.

దేవుడి అర కిచెన్‌లోనే ఉంటే దీపాన్ని పై కప్‌బోర్డు కింద పెట్టకండి. క్రీమ్ సన్‌మైకా మీద పొగ చార ఒకసారి కాలి పడితే అది మరక కాదు, మచ్చ. దానికి మందు లేదు.

చివరిగా మీవారి కోసం. ఆయన కొత్త చెక్క చూసి తీరాలంటే సింక్ కింద అరతో మొదలుపెట్టమనండి. ఆ తలుపు అడుగు అంచుని బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే, అంచు పట్టీ ఊడి ఉబ్బితే, లోపల నీళ్లు దిగినట్టే. ఆ ఒక్క అరనీ ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్లకి తట్టుకునే బీడబ్ల్యూపీ రకం ప్లైవుడ్‌తో చేయించండి, ఆ ముద్ర ప్రతి షీటు మీదా ఉంటుంది, కోయకముందే చూపించమని కార్పెంటర్‌ని అడగండి. అవసరమనిపిస్తే కింది వరస తలుపులు మాత్రం ముదురు చెక్క రంగులోకి మార్చి, పైవన్నీ క్రీమ్‌గానే వదిలేయొచ్చు. కింది తలుపులకే కాళ్లు తగులుతాయి, నీళ్లు కారతాయి, మరకలు పడతాయి. కొత్త రంగు ఎంచుకునేటప్పుడు కొత్త సన్‌మైకా ముక్కని పాత క్రీమ్ తలుపు పక్కన, కొత్త లైటు కింద పెట్టి చూడండి. ఆ పని లైట్లు మార్చిన తర్వాతే చేయండి.